ఐదో మంచం ముచ్చట

రెండేళ్లు ఆ వార్డుకు తిరిగాను. రెండేళ్లలో ఒక్కరు కూడా నన్ను ‘తిన్నరా సారూ’ అని అడగలేదు.

ఇది చిన్న విషయమని మీరనుకోవచ్చు. ఆరోగ్య మనస్తత్వశాస్త్రం చదువుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని దవాఖానల వెంట తిరుగుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను. మా దిక్కు ‘తిన్నవా’ అని అడిగారంటే మనిషిని ఇంట్లోకి రానిచ్చినట్టు. అడగలేదంటే వాకిట్లో నిలబెట్టినట్టు. నన్ను రెండేళ్లు వాకిట్లోనే ఉంచారు. నా పక్కనున్న ఆమెను మాత్రం పొద్దున వార్డులో కాలు పెట్టిన దగ్గర్నుంచి ‘తిన్నవా బిడ్డా, చాయన్న తాగినవా బిడ్డా’ అని మంచం మంచానికీ అడిగేవాళ్లు. నేను వింటున్నానని తెలిసే అడిగేవాళ్లు.

నాకు మరుపు తక్కువ. మా ఇంట్లోవాళ్లు దీన్ని జ్ఞాపకశక్తి అనరు, వేరే పేరుతో పిలుస్తారు. ఆ పేరు ఇక్కడ అవసరం లేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నాళ్లకు మా జిల్లాల్లోనే డయాలసిస్ మిషన్లు పెట్టడం మొదలైంది. అంతకుముందు కిడ్నీలు పాడైనవాళ్లు రక్తం కడిగించుకోవడానికి హైదరాబాద్ పోవాలి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ కింద పడుకోవాలి. అది ఒక్క వారంతోనో నెలతోనో పోయే పని కాదు, ఉన్నన్నాళ్లూ పోవాలి. ఒకసారి తప్పితే ఒళ్లు ఉబ్బుతుంది. రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదు. ఇంత కష్టాన్ని జనం ఎట్లా ఓర్చుకుంటున్నారు, ఎవరు నిలబడుతున్నారు, ఎవరు మనసులో కూలిపోతున్నారు అని తెలుసుకునే పరిశోధన ఒకటి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. నల్లగొండ పని నాకు అప్పగించారు. మాది పాలమూరు, అదే మహబూబ్‌నగర్. నన్ను నల్లగొండకు వేసి, పాలమూరు పనిని నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడికి ఇచ్చారు. ఇది కూడా నేను మరవలేదు.

నా దగ్గర ఒక ఫారం ఉండేది. ముప్పై వాక్యాలు. ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకె చెప్పాలి, నాలుగంటే మనసు అంత గట్టిగా ఉన్నట్టు. ‘ప్రతికూల పరిస్థితులను నేను సానుకూల దృక్పథంతో స్వీకరిస్తాను’ అనేది అందులో మొదటి వాక్యం. ముగ్గురు పండితులు కూర్చుని తెలుగు చేశారు. మొదటి రోజు నేను అది చదివితే ఒక ముసలాయన సూది గుచ్చిన చెయ్యి కదపకుండా తల మాత్రం నా దిక్కు తిప్పి, “సారూ, గిది మనకేనా, రేడియోల చదువనీకా?” అన్నాడు. వార్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

ఆమె అంటే నాకు ఇచ్చిన సహాయకురాలు. హాలియా దగ్గరి పల్లె. డిగ్రీ చదివి, పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లై, రోజూ బస్సులో నల్లగొండ వచ్చేది. ఆమెను ఎంపిక చేసింది నేను కాదు, హైదరాబాద్‌లోని మా పెద్ద మేడమ్. నేను టిక్కు పెట్టిన అమ్మాయి పీజీలో ఫస్టు. ఆ అమ్మాయిని తీసుకోలేదు. మాది వాన కోసం మొగులు దిక్కు చూసే ఊరు, ఈ వచ్చినామెది సాగర్ కాలువ కింద రెండు పంటలు తీసే ఊరు. ఇందులో ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు గదా.

మేమిద్దరం మొదటిసారి వార్డుకు పోయిన రోజు డ్యూటీ డాక్టర్ ఎదురొచ్చాడు. ఆమెను చూసి, “రండి మేడమ్, రండి” అన్నాడు. తర్వాత నా దిక్కు చూసి, “డ్రైవర్ గారు కింద కూర్చుంటరా?” అని ఆమెనే అడిగాడు. ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, “అయ్యో సార్, మా సారు” అంది. చున్నీ వెనక నవ్వు ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసు నాది.

ఆమె పని చేసే తీరు నాకు నచ్చేది కాదు. ఫారం మీద ముప్పై అంకెలూ టకటకా వేసేసేది. తర్వాత ప్యాడ్‌ను మంచం కింద పెట్టి, పెన్ను జడలో గుచ్చుకుని, స్టూలు దగ్గరికి జరుపుకుని అడిగేది: “నీ సంగతి సరే గని అవ్వా, పక్క మంచమామె ఎట్లున్నది?”

అంతే. ముప్పై ప్రశ్నలకు ముప్పై మాటలు కూడా చెప్పని మనుషులు నాలుగు గంటలు ఆపకుండా చెప్పేవాళ్లు. రెండో మంచం మీద పడుకునే అవ్వ మూడో మంచమామె గురించి చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. “ఆమెకేం బిడ్డా, మంది ముందర నవ్వుతది. ఇంటికి పోయినంక కుండ దిక్కు సూసుకుంట కూసుంటది. డాక్టరేమో దినానికి రెండు గిలాసల కంటె తాగొద్దన్నడు. నాల్క తోలోలె ఎండుతది. ఫ్రిజ్జులకెళ్లి మంచు ముక్కలు నాలుగు తీస్కొని, పొద్దుకొక్కటి, పగటికొక్కటి అని పొదుపుజేసుకుంట సప్పరిస్తది. మనుమడు సల్లటి నీళ్లు గటగట తాగుతుంటె వాని మీద కోపమొస్తదట బిడ్డా. పసిపోరని మీద కోపమొచ్చిందని మళ్ల ఏడుస్తదట.”

ఇదంతా ఆమె సాయంత్రం ఒక నోట్‌బుక్‌లో రాసుకునేది. నేను తర్వాత వారం మూడో మంచమామె దగ్గర కూర్చుని, మంచు ముక్కల సంగతి నెమ్మదిగా కదిపాను. “మా ఇంట్ల ఫ్రిజ్ యాడిది సారూ?” అంది ఆమె. మనుమలు కూడా లేరు. ఇంకా పెళ్లికాని కొడుకులే.

నోట్‌బుక్‌లో తప్పు దొరికింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం చాలా రుచిగా అనిపించింది.

మీరు నాకంటే తెలివైనవాళ్లు కాబట్టి ఆ మంచు ముక్కలు ఎవరివో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. చదువు తక్కువై కాదు. ఆమె తప్పు చేసిందని తెలిసిన తర్వాత ఇంకో అడుగు ముందుకు ఆలోచించాలని నాకు అనిపించలేదు. ఓర్వలేనితనం కళ్లు పొడవదు. కావలసింది కనిపించగానే చాలు, ఇంటికి పద అంటుంది.

ఇక నాలుగో మంచమాయన సంగతి. యాభై దాటిన రైతు. చిట్యాల నుంచి రామన్నపేట పోయే దారి పక్క పల్లెలో బత్తాయి తోట. ఆ జబ్బుకు బత్తాయి రసం పడదు, అంత తోట పెట్టుకుని ఒక్క తొన నోట్లో వేసుకోవడానికి లేదు. వచ్చినప్పుడల్లా సంచిలో రెండు కాయలు తెచ్చి ఒకటి నర్సమ్మకు, ఒకటి ఆమెకు ఇచ్చేవాడు. నాకు ఇవ్వలేదు. ఒకసారి నా మొహం చూసి, “మీకు షుగరున్నదేమో అని ఇయ్యలే సారూ” అన్నాడు. నాకు షుగర్ లేదు.

అయినా ఆయనంటే నాకు గౌరవం. ఎందుకంటే నా ఫారంలో ముప్పై వాక్యాలకు ముప్పై నాలుగులు చెప్పిన మనిషి ఆయన. నెలనెలా అడిగినా నాలుగు తప్ప ఇంకో అంకె రాలేదు. ఆ వార్డులో నా చేతికొచ్చిన గట్టి గింజ ఆయనే అనుకున్నాను. హైదరాబాద్ మీటింగులో ఆయన్ను ఉదాహరణగా చూపించి, ఇట్లాంటివాళ్లు ఎందుకు నిలబడగలుగుతున్నారో వివరించాను. గోడ మీద గ్రాఫుల బొమ్మలేసి చూపించాను. మా పెద్ద మేడమ్ ఆ బొమ్మలు చూడలేదు. నా సహాయకురాలి నోట్‌బుక్ తిప్పుతూ కూర్చుంది. నేను ముగించాక తలెత్తి, “ఇది చదివారా మీరు? ఈ అమ్మాయి చెవి ఎంత మంచిదండీ!” అంది. అందరి ముందరా.

చెవి మంచిదట. నేను మూడు నెలలు కూర్చుని వేసిన లెక్కలకు ఒక్క మాట లేదు.

నల్లగొండ వచ్చాక ఎర్ర పెన్ను తీసుకుని ఆ నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదివాను. మెచ్చుకోవడానికి చదవలేదు. చివరికి దొరికింది. ‘నాలుగో మంచమాయన చెప్పింది: ఐదో మంచమాయన బాగ అలిసిపోయిండట. తనతోని పెండ్లాము దవాఖాన చుట్టు తిరిగి తిరిగి తిండి గుడ మరిచిందని ఆయనకు శరమైతాందట. తోటకు దిక్కులేదట. ఇంక రాకుంట ఇంట్లనే ఉంట అంటున్నడట. గమనించాలె.’ గమనించాలె కింద రెండు గీతలు.

నాలుగో మంచమాయన వచ్చే పూట ఐదో మంచం ఖాళీ. ఐదో మంచమాయన నెల కిందటే సూర్యాపేట సెంటర్‌కు మారిపోయాడు. ఆయన్ను మా జాబితాలోంచి తీసేసిన కాగితం మీద సంతకం పెట్టింది నేనే. పైగా ఆయనకు తోటా లేదు, చేనూ లేదు, టైలర్.

పరిశోధనలో లేని సమాచారాన్ని పుట్టించడం కంటే పెద్ద నేరం లేదు. మెమో రాశాను. ‘ఖాళీగా ఉన్న మంచం మీది రోగి గురించి సమాచారం ఎట్లా సేకరించారో రాతపూర్వకంగా వివరించగలరు. అప్పటివరకు వార్డుకు వెళ్లరాదు.’ అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ రెండు వాక్యాలు రాస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం మూడు నెలల లెక్కల్లో కూడా కలగలేదు.

ఆమె చదివి, “సార్, జర నోటితోని చెప్తే ఇంటరా?” అంది.

“రాసివ్వండి” అన్నాను.

మర్నాడు ఒక కవరు అంటించి తెచ్చింది. నేను తెరవలేదు. టేబుల్ సొరుగులో వేసి, వారం పది రోజులు కూర్చోబెడదాం, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆఫీసులో పాత ఫారాలకు నంబర్లు వేసే పని చెప్పాను. పోబోతూ గుమ్మం దగ్గర ఆగి, “సార్, నన్ను పంపకుంటె మానె. నాలుగో మంచమాయనను మాత్రం జర సూసుకోండ్రి” అంది.

“నాకు తెలుసు. ఆయనకు అన్నీ నాలుగులే” అన్నాను.

ఆ శుక్రవారం వార్డుకు నేనొక్కడినే పోయాను. నాలుగో మంచమాయన సంచిలోంచి బత్తాయి తీసి, తలుపు దిక్కు చూసి, “బిడ్డ రాలేదా?” అన్నాడు. ఆఫీసు పని ఉందన్నాను. “ఎప్పుడొస్తది?” చెప్పలేనన్నాను. ఆయన ఆ కాయను చూసుకుని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఫారం తీశాను. ముప్పై నాలుగులు చెప్పాడు. ఆ రోజు ఆయన గొంతు ఎట్లా ఉందో నాకు గుర్తులేదు. కాయ సంచిలోకి పోవడం మాత్రం గుర్తుంది.

తర్వాతి మంగళవారం ఆయన రాలేదు. ఏదో పనుండి ఉంటుందనుకున్నాను. శుక్రవారం కూడా రాలేదు. పెద్ద నర్సు నా దగ్గరికి వచ్చింది. నన్ను వెతుక్కుంటూ ఆమె రావడం అదే మొదలు.

“సార్, నాలుగో మంచం రెండుసార్లు తప్పింది. ఫోన్ ఎత్తుతలేరు. మీ మేడమ్ చేస్తే ఎత్తుతరు. యాడికి పోయింది మేడమ్? పది దినాలాయె.”

“నేను పోతా వాళ్లింటికి” అన్నాను.

“మీరా?” అంది.

ఎన్నో అవమానాలు పడ్డాను గాని ఆ రెండక్షరాల మాట వాటన్నిటిలోకీ పైది.

కిరాయి కారులో బయలుదేరాను. చిట్యాల దాటి లోపలికి తిరిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంటి ముందర పందిరి కింద మంచం వేసి, మూడు దిండ్లు పెట్టి, ఆయన్ను ఆనించి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదన్నమాట. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. పాదాలు నిగనిగలాడుతున్నాయి, వేలితో నొక్కితే గుంట పడేటట్టు. ఆయన భార్య కొంగుతో విసురుతోంది.

“ఎట్లున్నరు?” అన్నాను. అప్పటికి నాకు ఆ ప్రశ్న ఒక్కటే వచ్చు.

“మంచిగనే... ఉన్న సారూ.” మాటకు మాటకు నడుమ ఊపిరి తీసుకుంటున్నాడు.

“మరెందుకు రాలే?”

“వస్త సారూ. తోటల జర... పనున్నది.”

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. ఒంట్లో నీరు చేరుతుందని, గుండె మీద పడుతుందని, ఇంకో రోజు ఆగితే ఏమవుతుందో కూడా చెప్పాను. ముప్పై ఏళ్లలో చదివిందంతా పది నిమిషాల్లో చెప్పాను. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. నేను ఆగాక నన్ను ఓదారుస్తున్నట్టు చూసి అన్నాడు: “రాస్కోండ్రి సారూ. నాలుగు.”

నేను ఫారం తీసుకుపోలేదు. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి.

ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి మంచినీళ్లు ఇచ్చింది. నీళ్ల చెంబు ఆయనకు కనపడకుండా అటు తిరిగి ఇచ్చింది. నేను కోపం ఆపుకోలేక, “అమ్మా, ఇంత కష్టం పెట్టుకుని ఫారంలో అన్నీ నాలుగని ఎందుకు చెప్పిండు?” అని అడిగాను.

“నేనే చెప్పుమన్న సారూ” అంది. “తక్కువ మార్కులొస్తే గుండె ధైర్యం లేనోడని మిషన్ మీదికెళ్లి తీసేస్తరని వార్డుల అనుకున్నరు. కొత్తోళ్లు మస్తు మంది లైన్ల ఉన్నరంట గద. అందరం గట్లనే చెప్పుకున్నం, నాలుగుకు తక్కువ చెప్పొద్దని.”

అందరం అట. అంటే హైదరాబాద్ గోడ మీద నేను వేసిన బొమ్మలన్నీ. చెంబు కింద పెట్టాను.

“ఇంట్లో మీతో అయినా చెప్పుకుంటడా, తన బాధ?”

“ఏం చెప్పడు. ఎప్పుడడిగినా ఐదో మంచమాయన ముచ్చటే. ఆయనకు గిట్లైతాందట, ఆయన పెండ్లాము గట్ల తిప్పలవడతాందట అని. గీ మజ్జెన మరీ ఎక్కువైంది.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నా కళ్లలోకి చూసి అడిగింది: “సారూ, గాయన మంచిగున్నడా? మీకెరుకుంటది గద.”

ఎర్ర పెన్నుతో నేను కొట్టేసిన వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అలిసిపోయిండట. శరమైతాందట. తోటకు దిక్కులేదట. టైలర్‌కు తోట ఎక్కడిది? రెండో మంచం అవ్వకు మనుమడున్నాడు. ఆమె ఇంట్లో ఫ్రిజ్ కూడా ఉంది.

మళ్లీ పందిరి కిందికి పోయి ఆయన దగ్గర కూర్చున్నాను. చేతనైనంత నెమ్మదిగా, ఆమె అడిగే తీరులోనే అడిగాను. “నీ సంగతి సరే గని, ఐదో మంచమాయన ఎట్లున్నడు?”

ఆయన నా మొహం చూశాడు. ఉబ్బిన రెప్పల సందులోంచి.

“గా ముచ్చట... మీకెందుకు సారూ? బిడ్డ వస్తె... చెప్త.”

సరైన ప్రశ్న అడిగాను. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. సరైన ప్రశ్నే అడిగాను, సరైన మాటల్లోనే అడిగాను. అది నా నోట్లోంచి వచ్చింది కాబట్టి పనికిరాలేదు. చావుకు దగ్గరగా ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని కూడా నాకు మొదట కలిగింది కుళ్లే. జాలి తర్వాత వచ్చింది. దాచుకుని లాభం లేదు.

“ఆమెను రావద్దని నేనే ఆపిన” అన్నాను.

“ఎందుకు?”

ఫోన్ తీసి ఆమెకు కలిపాను. ఆయన ఇంటి దగ్గరున్నానని చెప్పగానే, “ఊపిరెట్లుంది సార్?” అంది. చెప్పాను. “పడుకుంటున్నడా, కూసొనే ఉన్నడా?” అదీ చెప్పాను. “ఫోన్ ఆయన చేతికియ్యండ్రి సార్. మీరు జర అవతల ఉండుండ్రి.”

నా ఫోన్. నా కారు. నా పరిశోధన. నేను అవతల ఉండాలి.

తోటలోకి పోయి నిలబడ్డాను. దవాఖాన దారిలో పడి మనుషులు వదిలేసిన తోట చూడగానే తెలిసిపోతుంది. పాదుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. రాలిన కాయలు రాలినచోటే మెత్తబడి పురుగు పట్టాయి. పందిరి దిక్కు నుంచి ఏమీ వినపడలేదు. ఒకసారి మాత్రం ఆయన నవ్వినట్టు, నవ్వు దగ్గులోకి దిగినట్టు వినపడింది. ఆమె ఏమని నవ్వించింది? ఆ మనిషిని, ఆ స్థితిలో? పదిహేను నిమిషాలయ్యుంటుంది. నాకు ఒక పంట కాలమంత అనిపించింది.

అలికిడైతే తిరిగి చూశాను. భార్య భుజం పట్టుకుని, తువ్వాల మెడలో వేసుకుని నిలబడ్డాడు. “నడువుండ్రి సారూ” అన్నాడు. కారు ఎక్కేముందు ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేను నర్సుకు ఫోన్ చేసి మిషన్ సిద్ధం చేయమన్నాను. మేము చేరేసరికి నా సహాయకురాలు గేటు దగ్గర చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. నా మెమోను ధిక్కరించి. ఆయన కారు దిగాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

ఆ నాలుగు గంటలూ మేము వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాం. సగం గడిచాక పెద్ద నర్సు వచ్చి, “దిగుతాంది సార్, నీరు దిగుతాంది. గండం గడిచింది” అని నాకు చెప్పింది. చెప్పింది నాకే, చూసింది మాత్రం ఆమె దిక్కు.

“ఏం చెప్పినవమ్మా ఆయనకు?” అని ఆమెను అడిగాను. అప్పటికే జేబులోంచి పెన్ను తీశాను, అలవాటు.

“గది రాసేది కాదు సార్” అంది.

ఇప్పటికీ చెప్పలేదు. నా ఉద్యోగ జీవితంలో నాకు అందకుండా పోయిన అతి విలువైన సమాచారం అది. నా సొంత ఫోన్‌లోంచే పోయింది.

సాయంత్రం ఆఫీసుకు వచ్చి సొరుగు తీసి ఆ కవరు చించాను. ఆమె వివరణ రెండు వాక్యాలు. ‘ఐదో మంచం ఖాళీ అని నాకు తెలుసు సార్. నాలుగో మంచమాయనకు కూడా తెలుసు.’

పది రోజులు నా మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులో ఆ రెండు వాక్యాలున్నాయి.

తర్వాత చేయవలసినవి కొన్ని చేశాను, కొన్ని చేయలేదు. ఆ ఫారాలన్నీ పనికిరావని హైదరాబాద్ పోయి నేనే చెప్పాను. అది తేలిక కాలేదు, నన్ను చూసి నవ్వినవాళ్ల జాబితా నా దగ్గరుంది. మంచం మంచానికీ తిరిగి, ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు, ఎవరి మిషన్ ఎవరూ తీయరు అని చెప్పాం. ఆమె మళ్లీ వార్డుకు పోయింది. పక్క మంచం గురించి అడిగే పద్ధతి మా నివేదికలో ఒక అధ్యాయమైంది. పెద్ద మేడమ్ చదివి, “ఇది ఎవరి ఆలోచన?” అంది. “మాది” అన్నాను. ఆమెది అనడానికి నోరు రాలేదు. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు ఉంది. కారు డ్రైవర్ పేరు తర్వాత. ఆ వరుస పెట్టింది నేనే.

మెమోను నేను వెనక్కి తీసుకోలేదు. ఆమె తీసుకోమని అడగలేదు. పది పేజీల ఫిర్యాదు రాస్తుందని చాలా రోజులు ఎదురుచూశాను. నేనైతే రాసేవాణ్ణి. ఆమె రాయకపోవడం కూడా నాకు చిన్నతనంగానే అనిపించింది. నా మెమో అంత లెక్కలోకి రానిదా?

ఇప్పుడు రెండు జిల్లాల్లో నర్సులకు, ఆశాలకు శిక్షణ ఇవ్వడానికి ఆమెనే పిలుస్తారు. మా పాలమూరులో కూడా. మా పాలమూరులో! శాలువా కప్పిన ఫోటోలు వస్తాయి. నేను వాటిని పెద్దవి చేసి చూస్తాను. ఎవరెవరు వచ్చారో చూడటానికి.

నన్నెవరైనా ‘ఆ రోజుల్లో మీరెట్లా ఉండేవారు సార్’ అని అడిగితే నేను వెంటనే ఆమె తప్పులు చెప్పడం మొదలుపెడతాను. ఆమె బస్సు ఆలస్యాలు, ఆమె జడలో పెన్ను, ఆమె నవ్వు. ఇది నాకు ఈ మధ్యనే తోచింది. పక్క మంచం గురించి అడిగితే మనుషులు ఏం చెబుతారో తెలుసుకోవడానికి అన్నేళ్లు జీతం తీసుకున్నవాణ్ణి.

రిటైరయ్యే నెలలో చివరిసారి ఆ వార్డుకు పోయాను. ప్యాడ్ లేదు, ఫారం లేదు. నాలుగో మంచమాయన ఇంకా నాలుగో మంచం మీదే ఉన్నాడు. శుక్రవారాలు ఆయన భార్య రావడం మానేసిందట. పక్క ఊరి నుంచి ఇంకో పేషెంట్ ఆటోలో వస్తుంటే ఇద్దరూ కలిసి వస్తున్నారు. ఆ ఆటో కుదిర్చింది ఎవరో మీకు వేరే చెప్పను. ఐదో మంచం మీద ఎవరో కొత్త కుర్రాడు నిద్రపోతున్నాడు.

పోతున్నానని చెబితే, ఆయన సూది లేని చెయ్యి ఎత్తి, “సారూ, జర కూసోండ్రి” అన్నాడు. స్టూలు జరుపుకుని కూర్చున్నాను. ఆయన మిషన్ దిక్కు తల తిప్పాడు. తర్వాత, నేను అడగకుండానే, మెల్లగా అన్నాడు.

“గా ఐదో మంచమాయన ఇప్పుడు జర నయం సారూ. మొన్న తోటల దిగిండట. పార పట్టి నాలుగు చెట్లకు పాదులు తీసిండట. గీ సూదులు గుచ్చే చెయ్యితోని పార పడతవా అని పెండ్లాము తిట్లు అందుకున్నదట.”

“తిట్టదా మరి?” అన్నాను.

“తిట్టుడు మంచిగనిపించిందట సారూ.”

జేబులో పెన్ను ఉంది. తీయలేదు. నాలుగు గంటలు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

మెట్లు దిగుతూనే ఆమెకు ఫోన్ చేశాను. ఆగలేకపోయాను. “ఐదో మంచమాయన పార పట్టిండట” అన్నాను. “నాకు చెప్పిండు. నేను అడగలే. ఆయనంతట ఆయనే చెప్పిండు.”

“అవ్ సార్. పోయిన శుక్రవారం నాకు చెప్పిండు” అంది.

పోయిన శుక్రవారం. వారం ముందే. మెట్ల మీదే ఆగిపోయాను. అవతల నుంచి ఆమె అడిగింది.

“తిన్నరా సార్?”

మూడు దాటింది. పొద్దున్నించి నా కడుపులో చాయ తప్ప ఏమీ లేదు.

“తిన్నమ్మా, మంచిగ తిన్న” అని ఫోన్ పెట్టేశాను.